ఓపియాయిడ్ పరిహార నిధుల నుంచి స్థానిక గ్రాంటు: అమెరికాలో దరఖాస్తు చేసే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

అమెరికాలోని కౌంటీలు, నగరాల ఖాతాల్లోకి 2022 నుంచి ఒక ప్రత్యేకమైన సొమ్ము వచ్చి చేరుతోంది. ఓపియాయిడ్ అనే, నల్లమందు తరహాలో వ్యసనంగా మారే నొప్పి మాత్రలను ప్రమాదం తెలిసీ ఎడాపెడా అమ్మారని, అనుమానాస్పదమైన ఆర్డర్లను చూసీ చూడనట్టు వదిలేశారని ఆరోపిస్తూ రాష్ట్రాలు, స్థానిక ప్రభుత్వాలు మందుల కంపెనీల మీద దావాలు వేశాయి. ఆ దావాల్లో కుదిరిన పరిహారమే ఈ సొమ్ము. మెకెసన్, కార్డినల్ హెల్త్, అమెరిసోర్స్‌బెర్గెన్ అనే మూడు పంపిణీ కంపెనీలు 18 ఏళ్లలో 2,100 కోట్ల డాలర్ల దాకా, జాన్సన్ అండ్ జాన్సన్ 500 కోట్ల డాలర్ల దాకా చెల్లించడానికి 2021లో ఒప్పుకున్నాయి. మరుసటి ఏడాది సీవీఎస్, వాల్‌గ్రీన్స్, వాల్‌మార్ట్, మందుల తయారీ కంపెనీలు టేవా, అలర్గాన్ కూడా అదే దారి పట్టాయి. అన్నీ కలిపితే 5,000 కోట్ల డాలర్ల పైమాటే. ఇందులో కొంత భాగాన్ని చాలా కౌంటీలు స్థానిక సంస్థలకు గ్రాంట్లుగా ఇస్తున్నాయి.

చిన్న సేవా సంస్థ నడుపుతున్నవారికి, తెలుగు సంఘాల ఆరోగ్య విభాగాల్లో ఉన్నవారికి, క్లినిక్కుల్లోనో ఫార్మసీల్లోనో పనిచేస్తూ ఏదైనా చేయాలనుకుంటున్నవారికి ఉపయోగపడాలని దీన్ని రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. దరఖాస్తు రాయడం ఈ పనిలో మూడో వంతు మాత్రమే. మిగిలిన రెండు వంతులు డబ్బు ఎవరి చేతిలో ఉంది, ఏ షరతులతో ఉంది అన్నవి తెలుసుకోవడంలోనే పోతాయి. చాలా దరఖాస్తులు ఓడిపోయేదీ అక్కడే.

డబ్బు ఎవరి చేతిలో ఉందో తెలుసుకోండి

ఈ నిధుల పంపకం ప్రతి రాష్ట్రంలో ఒక్కో రకంగా ఉంటుంది. నార్త్ కరోలినాలో 85 శాతం నేరుగా కౌంటీలకు, నగరాలకు వెళ్తుంది, 15 శాతం రాష్ట్రానికి. అంటే కేరీ, మోరిస్‌విల్ ప్రాంతంలో ఉన్నవారికి వేక్ కౌంటీయే అసలు గుమ్మం. టెక్సస్‌లో ఇందుకు పూర్తిగా వ్యతిరేకం: 70 శాతం రాష్ట్ర ఖజానా, లెక్కలు చూసే కంప్ట్రోలర్ కార్యాలయం కింద ఉన్న ఓపియాయిడ్ అబేట్‌మెంట్ ఫండ్ కౌన్సిల్ చేతిలో ఉంటుంది, స్థానిక ప్రభుత్వాలకు నేరుగా వచ్చేది 15 శాతమే. ఫ్రిస్కోలో ఉండి కౌంటీ కార్యాలయం చుట్టూ తిరిగితే ఆ చిన్న వాటా దగ్గరే ఆగిపోతారు.

వర్జీనియాలో 55 శాతం ఓపియాయిడ్ అబేట్‌మెంట్ అథారిటీ అనే ప్రత్యేక సంస్థకు వెళ్తుంది, 30 శాతం స్థానిక ప్రభుత్వాలకు, 15 శాతం రాష్ట్రానికి. అక్కడ ఒక మెలిక ఉంది. అథారిటీకి దరఖాస్తు పెట్టే అర్హత నగరాలకు, కౌంటీలకు, ప్రభుత్వ విభాగాలకే ఉంది. స్వచ్ఛంద సంస్థ భాగస్వామిగా మాత్రమే రాగలదు. కాబట్టి లౌడన్‌లోనో ఫెయిర్‌ఫాక్స్‌లోనో ఉన్న సంస్థ ముందుగా ఒప్పించాల్సింది కౌంటీ అధికారులను. ఒహాయోలో 55 శాతం వన్‌ఒహాయో రికవరీ ఫౌండేషన్‌కు చేరుతుంది. రాష్ట్రాన్ని 19 ప్రాంతాలుగా విడగొట్టి ఆ ఫౌండేషన్ గ్రాంట్లు ఇస్తుంది. న్యూజెర్సీలో రాష్ట్రానికి సగం, కౌంటీలూ పట్టణాలకూ సగం. జార్జియాలో 75 శాతం రాష్ట్రం దగ్గరే ఉంటుంది.

ఇది తేల్చుకోకుండా పథకం పేరు, లోగో, ప్రారంభోత్సవ తేదీ ఖాయం చేసుకునేవాళ్లుంటారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మీ రాష్ట్రం పేరు, 'ఓపియాయిడ్ సెటిల్‌మెంట్', 'అలొకేషన్' అన్న మాటలు కలిపి వెతికితే అటార్నీ జనరల్ కార్యాలయం పేజీ దొరుకుతుంది. రాష్ట్రమూ స్థానిక ప్రభుత్వాలూ చేసుకున్న పంపకం ఒప్పందం సాధారణంగా అక్కడే ఉంటుంది. మీ కౌంటీకి ఏటా ఎంత వస్తుందో కూడా చూసుకోండి. కొన్ని గ్రామీణ కౌంటీలకు ఏడాదికి వచ్చేది ఒక ఉద్యోగి జీతానికి కూడా చాలదు. అలాంటి చోట రెండు లక్షల డాలర్లు అడిగితే దరఖాస్తు మొదటి పేజీ దాటదు.

ఏ పనికి ఇస్తారు? జాబితా చదవండి

1998లో పొగాకు కంపెనీలు 46 రాష్ట్రాలకు 25 ఏళ్లలో 20,600 కోట్ల డాలర్లు కట్టేందుకు ఒప్పుకున్నాయి. ఆ డబ్బులో చాలా భాగం రోడ్లకు, బడ్జెట్ లోట్లకు పోయింది, పొగాకు మాన్పించే పనికి దక్కింది స్వల్పం. ఆ అనుభవం వల్లే ఈసారి షరతులు బిగించారు. ప్రధాన జాతీయ ఒప్పందాల ప్రకారం కనీసం 85 శాతం డబ్బును ఓపియాయిడ్ నష్టాన్ని సరిదిద్దే పనులకే వాడాలి.

ఆ పనులేమిటో ఒప్పందానికి అనుబంధంగా ఉన్న 'ఎగ్జిబిట్ ఈ' చెబుతుంది. అందులో రెండు షెడ్యూళ్లున్నాయి. షెడ్యూల్ ఏలో ప్రాధాన్యం ఇవ్వాల్సిన తొమ్మిది వ్యూహాలు, 'ఏ' నుంచి 'ఐ' దాకా అక్షరాలతో: ఓవర్‌డోసును తిప్పికొట్టే నాలొక్సోన్ పంపిణీ, బ్యుప్రెనార్ఫిన్ లాంటి మందులతో వ్యసనానికి చికిత్స, గర్భిణులకూ బాలింతలకూ సేవలు, తల్లి వాడిన మందుల వల్ల ఉపసంహరణ (విత్‌డ్రాయల్) లక్షణాలతో పుట్టిన శిశువుల సంరక్షణ, ఆస్పత్రి నుంచి చికిత్సకు చేయి పట్టి చేర్చడం, జైళ్లలో చికిత్స, నివారణ కార్యక్రమాలు, వాడిన సూదులకు బదులు శుభ్రమైనవి ఇచ్చే సూదుల మార్పిడి, సమాచార సేకరణ. షెడ్యూల్ బీ ఇంకా విశాలమైనది. నార్త్ కరోలినా తన స్థానిక ప్రభుత్వాలకు సొంతంగా పన్నెండు వ్యూహాల చిన్న జాబితా ఇచ్చింది, దాన్ని 'ఆప్షన్ ఏ' అంటారు. అందులోంచి ఎంచుకుంటే పని సులువు. అంతకుమించి విస్తృత జాబితాకు, అంటే 'ఆప్షన్ బీ'కి వెళ్లాలంటే కౌంటీ ముందుగా అందరినీ కూర్చోబెట్టి ప్రణాళిక తయారుచేయాలి. మీ పథకం ఆప్షన్ ఏలో ఇమిడితే కౌంటీ అధికారికి ఎంత శ్రమ తగ్గుతుందో ఊహించండి.

ఇక్కడ మన సంఘాల గురించి ఒక మాట. మత్తు మందుల మీద పోరాటం అనగానే మనకు అలవాటైన రూపం ఒక్కరోజు అవగాహన సదస్సు: హాలు, బ్యానరు, ముఖ్య అతిథి, భోజనాలు. ఈ నిధి అలాంటి వాటికోసం పుట్టలేదు. భయపెట్టే ప్రసంగాలతో పిల్లలు మత్తుకు దూరంగా ఉంటారని చెప్పే గట్టి ఆధారాలూ లేవు. నివారణ కార్యక్రమమే పెట్టాలనుకుంటే, పరిశోధనల్లో ఫలితం చూపిన పాఠ్యక్రమాన్ని ఎంచుకుని, నెలల తరబడి నడిపేలా రాయండి. గుడి ఆవరణలో శిక్షణ తరగతి పెట్టుకోవచ్చు, కానీ ప్రజాధనాన్ని పూజా కార్యక్రమాలకు వాడకూడదు. ఆ గీత మీ దరఖాస్తులో స్పష్టంగా కనిపించాలి.

కాగితం పట్టుకునే ముందు మనుషులను కలవండి

కౌంటీ ఆరోగ్య శాఖలో ఈ నిధులు చూసే ఉద్యోగి ఒకరు ఉంటారు. కొన్ని చోట్ల ఆ బాధ్యత కౌంటీ మేనేజర్ కార్యాలయానిది. వారికి ఫోను చేసి నాలుగు విషయాలు అడగండి: తదుపరి ప్రతిపాదనల ఆహ్వానం ఎప్పుడు? గత విడతలో ఎవరికి ఎంత ఇచ్చారు? సలహా సంఘం ఉందా, దాని సమావేశాలకు రావచ్చా? ఈ ఏడాది ప్రాధాన్యాలేమిటి?

ఆహ్వానం వెలువడిన తరువాత చాలా చోట్ల ఉద్యోగులు దరఖాస్తుదారులతో విడిగా మాట్లాడకూడదు. ప్రశ్నలన్నీ రాతపూర్వకంగా పంపాలి, జవాబులు అందరికీ ఒకేసారి ప్రకటిస్తారు. అందుకే ఈ పరిచయాలన్నీ అంతకు ముందే జరగాలి. నార్త్ కరోలినాలో కౌంటీల ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది, బడ్జెట్ మీద చర్చలు వసంతంలో జోరందుకుంటాయి. అక్కడ శీతాకాలంలోనే కదలాలి.

కౌంటీ కమిషనర్ల సమావేశాల్లో ప్రజలు మాట్లాడేందుకు కొన్ని నిమిషాలు కేటాయిస్తారు. ఎజెండా ముందుగానే వెబ్‌సైటులో ఉంటుంది. వెళ్లి మాట్లాడండి. డబ్బు అడగకండి, సమస్య చెప్పండి. మూడు నిమిషాల్లో మీరు చెప్పిన సంగతి ఆర్నెల్ల తరువాత దరఖాస్తులో మళ్లీ కనిపించినప్పుడు గుర్తుపట్టేవాళ్లుంటారు.

అన్నింటికన్నా విలువైన పని, నా దృష్టిలో, గత విడతలో గెలిచిన దరఖాస్తులను తెప్పించుకుని చదవడం. చాలా రాష్ట్రాల్లో అవి ప్రభుత్వ రికార్డులు. బహిరంగ రికార్డుల చట్టం కింద అడగవచ్చు. మార్కుల పత్రాలూ ఇస్తే ఇంకా మంచిది. సమీక్షకులు ఏ వాక్యానికి మెచ్చుకున్నారో, ఏ బడ్జెట్ అంకె దగ్గర నొసలు చిట్లించారో వాటిలో కనిపిస్తుంది.

సంస్థ పత్రాలు

ఇది విసుగు పుట్టించే భాగం, త్వరగా ముగిద్దాం. సాధారణంగా అడిగేవి: ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఇచ్చిన 501(సీ)(3) గుర్తింపు పత్రం (పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ అని చెప్పేది), ఈఐఎన్ అనే పన్ను గుర్తింపు సంఖ్య, ఆ సంఖ్యను ధ్రువీకరించే డబ్ల్యూ-9 ఫారం, తాజా ఫారం 990 (సంస్థ వార్షిక పన్ను నివేదిక), ఆడిట్ లేదా ఆర్థిక నివేదిక, బోర్డు సభ్యుల జాబితా, బాధ్యత బీమా ధ్రువీకరణ, ప్రయోజనాల ఘర్షణ విధానం. కొన్ని చోట్ల ఫెడరల్ గ్రాంట్ల నమోదు సైటు శామ్ డాట్ గవ్‌లో నమోదై యూఈఐ అనే సంస్థ గుర్తింపు సంఖ్య కూడా ఉండాలి. ఆ నమోదుకు వారాలు పట్టవచ్చు, గడువు దగ్గర పెట్టుకోకండి.

501(సీ)(3) గుర్తింపు లేకపోతే ఆశ వదులుకోనక్కర్లేదు. గుర్తింపు ఉన్న పెద్ద సంస్థను ఫిస్కల్ స్పాన్సర్‌గా పెట్టుకోవచ్చు. డబ్బు వారి ఖాతాకు వస్తుంది, లెక్కలు వారు చూస్తారు, అందుకు కొంత శాతం తీసుకుంటారు. మొదటిసారి వెళ్లే చిన్న సంఘానికి ఇదే మేలని నేననుకుంటాను. చికిత్స కేంద్రం నడుపుతున్న స్థానిక సంస్థతో జతకట్టి, తెలుగు, హిందీ కుటుంబాలను చేరే భాగం మాత్రం మీరు తీసుకోవడం ఇంకో దారి.

అవసరాన్ని రాయడం

దేశ గణాంకాలతో మొదలుపెట్టకండి. 2023లో అమెరికాలో లక్షమందికి పైగా మాదకద్రవ్యాల ఓవర్‌డోసుతో చనిపోయారనీ, 2024లో ఆ సంఖ్య 80 వేల చుట్టుపక్కలకు తగ్గిందనీ, ఫెంటనిల్ అనే అతి శక్తిమంతమైన ఓపియాయిడ్ ఇందులో ప్రధాన కారణమనీ సమీక్షకులకు తెలుసు. వారికి కావాల్సింది మీ కౌంటీ, వీలైతే మీ పిన్‌కోడు. కౌంటీ ఆరోగ్య శాఖ, రాష్ట్ర డ్యాష్‌బోర్డు, ఫెడరల్ ఆరోగ్య సంస్థ సీడీసీ వారి వండర్ డేటాబేసు ఇందుకు పనికొస్తాయి.

మన సముదాయం గురించి రాసేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. వండర్‌లో పదికన్నా తక్కువ మరణాలున్న పట్టిక గడిని గోప్యత కోసం చూపించరు. ఒక కౌంటీలో భారతీయ సంతతి వారిని వేరుచేసి చూస్తే ఆ గడి ఖాళీగానే కనిపించవచ్చు. అంకె కనబడలేదు కాబట్టి సమస్య లేదనలేం, అలాగని అంకెలు పెంచి రాయనూకూడదు. వేరే ఆధారాలు చూపండి: మీ సహాయవాణికి వచ్చిన ఫోన్లు, కుటుంబాలతో జరిపిన చర్చల సారాంశం, తెలుగులో మాట్లాడగల వ్యసన చికిత్స సలహాదారులు కౌంటీలో ఎంతమంది ఉన్నారన్న లెక్క. వీసా ఏమవుతుందోనన్న భయం, నలుగురికీ తెలుస్తుందన్న సిగ్గు కుటుంబాలను ఎలా ఆపుతున్నాయో మీ అనుభవంలోంచి రాయండి. ఆ విషయం వేరే దరఖాస్తుదారులెవరూ చెప్పలేరు.

పనిని రాయడం

రెండు నమూనాలు చూడండి. మొదటిది: "మా సంస్థ యువతలో మాదకద్రవ్యాల పట్ల చైతన్యం తీసుకువచ్చి ఆరోగ్యకరమైన సమాజాన్ని నిర్మిస్తుంది." దీన్ని కాదనేవారెవరూ ఉండరు, దీనికి డబ్బు ఇచ్చేవారూ ఉండరు.

రెండోది: "వ్యసనం నుంచి బయటపడి, రాష్ట్ర ధ్రువీకరణ పొందిన ఒక సహాయకుడిని నియమిస్తాం. ఓవర్‌డోసుతో అత్యవసర విభాగానికి వచ్చినవారిని, వారి సమ్మతితో, 72 గంటల్లోగా కలుస్తాడు. ఏడు రోజుల్లోగా బ్యుప్రెనార్ఫిన్ లేదా మెథడోన్ ఇచ్చే కేంద్రంలో మొదటి అపాయింట్‌మెంట్ ఇప్పిస్తాడు. కుటుంబానికి నాలొక్సోన్ ఇచ్చి, వాడటం నేర్పుతాడు. ఏడాదిలో 60 మందిని కలవాలని, వారిలో 30 మందిని చికిత్సకు చేర్చాలని లక్ష్యం." ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం, ఏం చేస్తారో ఇక్కడ కనిపిస్తోంది. ఇందులోని అంకెలు నేను నమూనాకు రాసినవి. మీవి మీ ఆస్పత్రితో మాట్లాడి వేసుకోండి.

ప్రతి పనీ జాబితాలో ఏ వ్యూహం కిందికి వస్తుందో ఆ అక్షరంతో సహా పేర్కొనండి. పై నమూనాలో చేయి పట్టి చేర్చే భాగం షెడ్యూల్ ఏలోని 'ఈ', నాలొక్సోన్ 'ఏ'. ఈ చిన్న పని సమీక్షకుల శ్రమ చాలా తగ్గిస్తుంది.

2022 చివర్లో బ్యుప్రెనార్ఫిన్ రాయడానికి వైద్యులకు ఉండాల్సిన ప్రత్యేక అనుమతిని ఎత్తేశారు. సాధారణంగా నియంత్రిత మందులు రాసే అర్హత ఉన్న వైద్యులు, రాష్ట్ర నిబంధనలకు లోబడి, ఇప్పుడు దాన్నీ రాయవచ్చు. అమెరికాలో తెలుగు వైద్యులు ఎందరున్నారో చెప్పనక్కర్లేదు. మీ పరిచయస్తుల్లో ఇద్దరు ప్రాథమిక వైద్యులు వారానికి కొన్ని అపాయింట్‌మెంట్లు ఇందుకు కేటాయిస్తామని సంతకం చేసిన లేఖ, పది పొగడ్తల లేఖల కన్నా బరువైనది.

గోప్యత గురించి ఒక పేరా తప్పనిసరి. వ్యసన చికిత్స రికార్డులకు 42 సీఎఫ్ఆర్ పార్ట్ 2 అనే ఫెడరల్ నిబంధన ప్రత్యేక రక్షణ ఇస్తుంది. మన సముదాయంలో దుబాసీయే బంధువుల స్నేహితుడు కావచ్చు. దుబాసీలతో గోప్యతా ఒప్పందం చేయిస్తామని, కావాలంటే వేరే రాష్ట్రంలో ఉన్న దుబాసీతో ఫోనులో మాట్లాడే ఏర్పాటు చేస్తామని రాస్తే, మీకు క్షేత్రం తెలుసని అర్థమవుతుంది.

బడ్జెట్

ఒక ఊహా సంస్థ ఏడాది బడ్జెట్ ఇలా ఉందనుకుందాం:

సహాయకుడి జీతం: 48,000 డాలర్లు
పేరోల్ పన్నులు, బీమా, జీతంలో 22 శాతం: 10,560
ప్రయాణం, నెలకు 400 మైళ్లు, మైలుకు 70 సెంట్లు: 3,360
ఫోను, రికార్డుల సాఫ్ట్‌వేర్: 3,000
అనువాదం, శిక్షణ: 4,080
నేరుగా అయ్యే ఖర్చు మొత్తం: 69,000
పరోక్ష ఖర్చులు (ఆఫీసు అద్దె, లెక్కల పని లాంటివి) 10 శాతం: 6,900
అడిగే మొత్తం: 75,900

ఇందులో నాలొక్సోన్ లేదు, గమనించారా? చాలా రాష్ట్రాలు స్థానిక సంస్థలకు దాన్ని ఉచితంగా ఇస్తున్నాయి. ఉచితంగా దొరికేదాన్ని కొంటామని రాస్తే, మీరు ఆరా తీయలేదని సమీక్షకులకు తెలిసిపోతుంది. ఎక్కడి నుంచి తెచ్చుకుంటారో మాత్రం రాయండి. మైలు రేటు 2025 ఐఆర్ఎస్ ప్రమాణం. మీ ఏడాది రేటు చూసుకోండి. పరోక్ష ఖర్చులకు ఎంత శాతం అనుమతిస్తారో ఆహ్వాన పత్రంలోనే ఉంటుంది.

రెండు విషయాలు దరఖాస్తులను ముంచుతాయి. ఒకటి, ఇప్పటికే వేరే నిధితో నడుస్తున్న పనికి ఈ డబ్బు పెట్టి, ఆ పాత డబ్బును వేరే చోటికి మళ్లించడం. దీన్ని చాలా కౌంటీలు ఒప్పందంలోనే నిషేధిస్తాయి. రెండోది, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా) చెల్లించే సేవకు మళ్లీ ఇక్కడ అడగడం. చికిత్స ఖర్చుకు ముందు బీమాకు బిల్లు వేస్తామని, బీమా లేనివారికి, బీమా కట్టని సేవలకు మాత్రమే గ్రాంటు వాడతామని స్పష్టంగా చెప్పండి.

ఇక చాలా చోట్ల డబ్బు ముందుగా రాదు. మీరు ఖర్చుపెట్టి, రసీదులు పంపితే, నెల రెండు నెలల్లో తిరిగి ఇస్తారు. పై బడ్జెట్‌లో నెలకు 6,300 డాలర్లకు పైగా అవుతుంది. కనీసం మూడు నెలల ఖర్చు, అంటే 19 వేల డాలర్ల దాకా, మీ ఖాతాలో ఉందా? లేకపోతే ముందస్తు చెల్లింపు ఇస్తారా అని రాతపూర్వక ప్రశ్నల గడువులోగా అడగండి. గెలిచిన తరువాత జీతాలు ఇవ్వలేక పని ఆగిపోతే, ఆ సంస్థకు రెండోసారి గ్రాంటు రావడం కష్టం.

పంపడం, ఆ తరువాత

గడువు సాయంత్రం 5 గంటలంటే 5 గంటలే. పోర్టల్ మొరాయించిందన్న మాట ఎవరూ వినరు, ఒక రోజు ముందే పంపేయండి. పేజీల పరిమితి, అక్షరాల పరిమాణం, ఫైళ్ల పేర్లు వారు చెప్పినట్టే ఉండాలి. పంపే ముందు ఈ రంగంతో సంబంధం లేని ఒకరికి ఇచ్చి చదివించండి. మీరేం చేయబోతున్నారో వారు రెండు వాక్యాల్లో తిరిగి చెప్పలేకపోతే, ఆ భాగం మళ్లీ రాయాలి.

సిబ్బంది సిఫారసు చేసినంత మాత్రాన గ్రాంటు వచ్చినట్టు కాదు. కౌంటీ బోర్డు ఓటు వేయాలి. నార్త్ కరోలినాలో ఏ వ్యూహానికి, ఎంత మొత్తం, ఏ కాలానికి అన్నది బోర్డు తీర్మానంలోనో బడ్జెట్‌లోనో ఉండి తీరాలి. ఆ సమావేశానికి వెళ్లండి. ఒప్పందం మీద సంతకాలు పూర్తయ్యేదాకా ఎవరినీ ఉద్యోగంలోకి తీసుకోకండి. ఒప్పందం తేదీకి ముందు పెట్టిన ఖర్చు సాధారణంగా తిరిగి రాదు.

పని మొదలైన రోజు నుంచే ఉద్యోగి పని గంటల పట్టీ, ప్రతి ఖర్చుకు రసీదు, సేవ పొందినవారి లెక్క ఉంచాలి. పేర్లు లేకుండా, సంకేత సంఖ్యలతో. మూడు నెలలకోసారి నివేదిక అడుగుతారు. లక్ష్యం 15 మంది అయితే 9 మందినే చేరుకున్నప్పుడు, 9 అనే రాసి కారణం చెప్పండి. ఆస్పత్రి నుంచి కబురు ఆలస్యంగా వస్తోందని తెలిస్తే కౌంటీయే ఆస్పత్రితో మాట్లాడగలదు.

గ్రాంటు రాకపోతే వారం లోపే మర్యాదగా ఉత్తరం రాసి మార్కులూ వ్యాఖ్యలూ అడగండి, పదిహేను నిమిషాలు మాట్లాడే వీలుందా అని కనుక్కోండి. గెలిచిన సంస్థలు ఎవరో చూసి, వారికి భాష తెలిసిన మనుషులు అవసరమా అని అడగండి. ఉప ఒప్పందం మీద ఏడాది పనిచేస్తే, తరువాతి విడతలో 'గత అనుభవం' అన్న పెట్టెలో రాసుకోవడానికి ఒక నిజమైన లెక్క మీ దగ్గర ఉంటుంది. పంపిణీ కంపెనీల చెల్లింపుల కాలపట్టిక 2038 దాకా ఉంది కాబట్టి ఆ తరువాతి విడత చాలా కౌంటీల్లో వస్తుంది. మీ కౌంటీలో ఎప్పుడో ఆ పదిహేను నిమిషాల్లోనే అడిగి క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.